ఏటీఆర్ సీటు వదిలి ఏ320 వైపు: ఒక గుంటూరు ఫస్ట్ ఆఫీసర్ కేసు

గుంటూరు కొరిటెపాడు కుటుంబం. తండ్రికి మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. కొడుక్కి 27 ఏళ్లు. ఏడు విమానాలున్న ఒక చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో ఏటీఆర్ 72-600 (రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం) ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన కుడి సీటులో కూర్చునే పైలట్‌గా, చేరి 22 నెలలైంది. లాగ్‌బుక్‌లో మొత్తం 1,140 గంటలు, అందులో ఏటీఆర్ మీద 910, రాత్రి గంటలు 62. తుళ్లూరు వైపు తాతగారి పొలం ల్యాండ్ పూలింగ్‌లో ఇస్తే వచ్చిన ప్లాటు ఒకటి ఇంకా చేతిలో ఉంది. దాన్ని అమ్మి, ₹22 లక్షలు కట్టి ఏ320 జెట్ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి లైసెన్సులో పడే అర్హత) చేయించాలా, లేక ఉన్నచోటే ఉండమనాలా? ఇదీ వాళ్లు సలహా కోసం మా దగ్గరకు తెచ్చిన ప్రశ్న. ఒకే తీరులో నడిచిన మూడు కేసుల వివరాలు ఇందులో కలిపాం. పేట, వయసు, అంకెలు గుర్తుపట్టకుండా కొంచెం మార్చాం. లెక్కల తీరు మాత్రం మార్చలేదు.

ప్లాటు అమ్మొద్దన్నాం. ఎందుకన్నామో చెప్పాలంటే ముందు విజయవాడలోనే జరిగిన ఒక కథ గుర్తుచేసుకోవాలి.

టైప్ రేటింగ్ విలువ ఎక్కడుంటుంది

2013 అక్టోబరులో విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా మొదలైంది. ఎంబ్రేయర్ ఈ170, ఈ190 విమానాలు. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో 50 ఎంబ్రేయర్ ఈ2 విమానాలకు ఆర్డర్ ప్రకటించారు. మన ఊరి కంపెనీ అన్ని విమానాలు కొంటోందంటే ఇక్కడ గర్వపడని వాళ్లు తక్కువ. 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగిపోయాయి, మళ్లీ లేవలేదు.

పైలట్ కోణంలో ఇందులో చూడాల్సింది కంపెనీ మూతపడటం కాదు. మూతపడిన రోజున దేశంలో షెడ్యూల్డ్ సర్వీసుల్లో ఎంబ్రేయర్ ఈ-జెట్ నడిపే ఇంకో సంస్థ దాదాపు లేదు. ఆ టైప్ రేటింగ్ లైసెన్సులో ఉంది, దాన్ని కొనేవాడు లేడు. స్టార్ ఎయిర్ ఈ175లు తెచ్చింది 2023లో, అంటే ఆరేళ్ల తర్వాత. ఈలోపు ఆ పైలట్లు మళ్లీ డబ్బు పెట్టి ఏ320 గానీ, బోయింగ్ 737 గానీ చేసుకోవాల్సిందే, లేదా విదేశాలు చూసుకోవాల్సిందే.

ఏటీఆర్ సంగతి వేరు. బెంగళూరులో ఎయిర్ పెగసస్ 2015 ఏప్రిల్‌లో మొదలై 2016 జూలైలో ఆగింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015 జూలైలో మొదలై 2022 ఫిబ్రవరిలో ఆగింది. రెండూ ఏటీఆర్లే. కానీ ఇండిగో 2017 డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఏటీఆర్లు మొదలుపెట్టింది. అలయన్స్ ఎయిర్‌కు ముందునుంచీ ఉన్నాయి. గోవా నుంచి ఫ్లై91 2024 మార్చిలో అవే విమానాలతో వచ్చింది. ఒక కంపెనీ పోయినా ఆ రేటింగ్‌కు ఇంకో గుమ్మం ఉంది. అందుకే ప్రాంతీయ పైలట్ ఉద్యోగ భద్రత చూడాలంటే మేం మొదట అడిగేది కంపెనీ పేరు కాదు. 'మీ టైపు విమానాన్ని దేశంలో ఇంకెన్ని కంపెనీలు నడుపుతున్నాయి?' అని అడుగుతాం. జవాబు సున్నా అయితే ఎంత జీతమున్నా అది జారుడు మెట్టే. ఈ కుర్రాడి జవాబు రెండు కంటే ఎక్కువ.

₹22 లక్షలు అసలు ఎంతవుతుంది

ఏ320 రేటింగ్ ఉంటే ఉద్యోగం వెంటనే వస్తుందన్నది ఏజెంట్ మాట. కాగితం మీద ఎక్కడా రాయలేదు, వాట్సాప్‌లో మాత్రం 'ఇంటర్వ్యూ పక్కా సార్' అని ఉంది. పెద్ద సంస్థల ఆర్డర్లు నిజమే. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. కానీ డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) 2022లో 1,165 కమర్షియల్ లైసెన్సులిస్తే, 2023లో 1,622 ఇచ్చింది. కొరత ఉన్నది ఎడమ సీటులో, అంటే కెప్టెన్లకు. కుడి సీటుకు క్యూ ఉంది. ఏ320 రేటింగ్ ఉండి ఆ విమానం మీద ఒక్క గంట కూడా ఎగరని వాళ్లు ఆ క్యూలోనే నిలబడతారు. రేటింగ్ చేసిన తర్వాత కదలకుండా కూర్చుంటే అది మోడుబారుతుంది కూడా. ఆరు నెలలకోసారి ప్రొఫిషియెన్సీ చెక్, ఏడాదికోసారి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్. కంపెనీ లేకపోతే సిమ్యులేటర్ ఖర్చంతా సొంత జేబులోంచే.

కుటుంబం లెక్కలో ఉన్నది ₹22 లక్షలే. మేం వేసిన లెక్క ఇది:

టైప్ రేటింగ్‌కు ₹22 లక్షలు. ఇప్పుడున్న కంపెనీ బాండ్ (ముందే మానేస్తే కట్టాల్సిన సొమ్ము) మూడేళ్లకు ₹15 లక్షలు, నెల నెలా తగ్గుతూ వస్తుంది. ఆరు నెలల నోటీసు పూర్తిచేసి వెళ్లినా ఎనిమిది నెలలు మిగులుతాయి, దానికి ₹3.33 లక్షలు. శిక్షణకు మూడు నెలలు, ఉద్యోగం కోసం ఆరు నెలలు, మొత్తం తొమ్మిది నెలలు జీతం లేకుండా కిస్తీలు, ఇంటి ఖర్చు నడవాలంటే ₹12.46 లక్షలు. మొత్తం దాదాపు ₹37.8 లక్షలు.

ఇందులో సీనియారిటీ నష్టం కలపలేదు. దాన్ని రూపాయల్లోకి మార్చడం కష్టం. కొత్త కంపెనీలో చేరిన తేదీ నుంచే వరస మొదలవుతుంది, వెనక ఎన్ని గంటలున్నా సరే.

నెలవారీ కాగితం

శిక్షణకు బ్యాంకులో ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న విద్యా రుణం ₹40 లక్షలు. చదువు కాలంలో కట్టని వడ్డీ కలిసి ₹48.5 లక్షలైంది. 10.5 శాతం, పదేళ్లు, కిస్తీ నెలకు ₹65,400. ఏటీఆర్ టైప్ రేటింగ్‌కు అప్పట్లో ₹12 లక్షలు యార్డులో తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీయే ₹24,000, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. ఇవి రెండూ కలిపి ₹89,400. డ్యూటీ బేస్‌లో ఇంటద్దె వాటా ₹18,000, తిండి, ప్రయాణాలు ₹15,000, బీమాలు ₹6,000, ఇంటికి పంపేది ₹10,000. మొత్తం ₹1,38,400.

ఇక రాబడి. పైలట్ జీతం రెండు ముక్కలు: కదలని ముక్క, ఎగిరిన గంటలను బట్టి వచ్చే ముక్క. ఈ కేసులో నెలకు ₹1,05,000 స్థిరం, గంటకు ₹1,400 ఫ్లయింగ్ అలవెన్సు. కంపెనీ కనీసం 40 గంటలకు హామీ ఇస్తుంది. 65 గంటలు ఎగిరిన నెలలో పన్ను, పీఎఫ్ పోను చేతికి ₹1,71,000. విమానం గ్రౌండ్ అయి హామీ గంటలే దక్కిన నెలలో ₹1,44,000. అంటే మంచి నెలలో మిగిలేది ₹32,600, చెడ్డ నెలలో ₹5,600.

ఇంట్లో అందరి బుర్రలోనూ ఉన్న అంకె ₹1,71,000. ఉద్యోగ భద్రత లెక్కకు పనికొచ్చే అంకె ₹1,44,000. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు చాలామంది పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం జీతం చూస్తారు. హామీ గంటలెన్ని అన్న వాక్యం మూడో పేజీలో ఉంటుంది. కోవిడ్‌కు ముందు 70 గంటల హామీ మామూలుగా వినిపించేది, తర్వాత కొన్నిచోట్ల 40కి పడింది. ఒకే కంపెనీ, ఒకే జీతం పట్టిక, కానీ ఆ ఒక్క అంకె మారితే ఇంటి లెక్క తలకిందులవుతుంది.

మొదటి పని ఆ రెండు రూపాయల అప్పు దించడం. ప్లాటు అమ్మకుండానే కుదిరింది. తల్లి బంగారం బ్యాంకులో పెట్టి 10 శాతం వడ్డీకి ₹12 లక్షలు తెచ్చి యార్డు అప్పు కట్టేశారు. పెద్ద మొత్తాలకు బంగారం విలువలో 75 శాతం వరకే ఇస్తారు, కాబట్టి కనీసం ₹16 లక్షల విలువైన నగలు కావాల్సొచ్చింది. వడ్డీ నెలకు ₹24,000 నుంచి ₹10,000కు తగ్గింది. చెడ్డ నెల మిగులు ₹5,600 నుంచి ₹19,600 అయింది. ఏ ఎయిర్‌లైన్ ఇంక్రిమెంటూ ఒక్క రోజులో ఇంత ఇవ్వదు. ఇందులో ముల్లు కూడా ఉంది: ఈ బంగారం రుణం ఏడాదికోసారి తిరగరాయించుకోవాలి, వడ్డీ మొత్తం ఆరోజు చేతిలో ఉండాలి.

విద్యా రుణం వడ్డీకి 80ఈ మినహాయింపు ఉంది కదా అని తండ్రి అడిగారు. అది పాత పన్ను విధానం ఎంచుకున్న వాళ్లకే. రెండు విధానాలూ కాగితం మీద వేసి చూసి ఎంచుకోవాలి, ఆడిటర్ చేసిపెడతాడు.

రాత్రి గంటలు: ప్రాంతీయ పైలట్ ఇరుక్కునే చోటు

ఈ కేసులో మేం ఎక్కువ సమయం పెట్టింది లాగ్‌బుక్ మీద. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు) కావాలి. దానికి 21 ఏళ్లు నిండాలి, 1,500 గంటలుండాలి. రాత పరీక్షలు, వైవా, తగినన్ని పీఐసీ గంటలు (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా ఎగిరినవి) కావాలి. వీటిలో 1,500 గంటలు అందరికీ గుర్తుంటుంది. రాత్రి 100 గంటలు అన్నది చివర్లో తగులుతుంది.

జెట్ నడిపేవాడికి అది సమస్యే కాదు, ఢిల్లీ, ముంబై అర్ధరాత్రి సర్వీసులతో ఏడాదిలో తేలిపోతుంది. ప్రాంతీయ విమానం పొద్దున్నే బయల్దేరి, చిన్న చిన్న విమానాశ్రయాలు తిరిగి, దీపాలు పెట్టే వేళకు బేస్‌కు చేరుతుంది. రాత్రి ల్యాండింగ్ వసతి లేని ఊళ్లు, సాయంత్రానికే మూసేసే ఊళ్లు చాలా ఉన్నాయి. గన్నవరం నుంచి హైదరాబాద్ సెక్టర్ ఒక గంట చిల్లర. రోజుకు నాలుగు సెక్టర్లు నడిపితే నాలుగు ల్యాండింగులు, నాలుగు గంటల పైచిలుకు అనుభవం దక్కుతుంది, చేతికి మంచి పట్టు వస్తుంది. రాత్రి గంటలు మాత్రం సున్నా. ఈ కుర్రాడికి 910 ఏటీఆర్ గంటల్లో రాత్రి పూట ఎగిరింది శిక్షణ నాటివి కలిపినా 62.

లాగ్‌బుక్ వరసగా తిరగేస్తే ఒక పొరపాటు బయటపడింది. టేకాఫ్, ల్యాండింగ్ రెండూ చీకట్లో జరిగితేనే రాత్రి అని రాస్తూ వచ్చాడు. సూర్యాస్తమయానికి ముందు లేచి చీకటి పడ్డాక దిగిన సాయంత్రం సెక్టర్లలో రాత్రి భాగం ఎంతో అంత రాసుకోవచ్చు, అది వదిలేశాడు. దాంతో పాటు కొన్నిచోట్ల కంపెనీ రికార్డు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), తన పుస్తకం భారత కాలమానంలో ఉండి ఐదున్నర గంటల తేడాతో తేదీలే మారిపోయాయి. ప్రతి ఎంట్రీ పక్కన ఆ రోజు జర్నీ లాగ్ (విమానం ప్రయాణాల రికార్డు) పెట్టి సరిచూస్తే 11 గంటలు లెక్కలోకొచ్చాయి. 62 కాస్తా 73.

దిద్దుబాటు ఎలా చేశామో చెప్పాలి, ఇక్కడ తప్పు చేస్తే లైసెన్సుకే ముప్పు. పాత అంకె కనబడేలా ఒక గీత, పక్కన కొత్త అంకె, సంతకం, తేదీ. వైట్‌నర్ వాడకూడదు. ఏయే సెక్టర్లు, ఎన్ని నిమిషాలు అని పట్టిక రాసి, జర్నీ లాగ్ కాపీలు జతచేసి, ఆపరేషన్స్ విభాగం చేత ధ్రువీకరింపజేసి, ఆ తర్వాత డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌లో గంటలు సరిపోయేలా చూశాం. ఆధారం లేని ఒక్క నిమిషం కూడా కలపలేదు. లేని గంటలు రాసి లైసెన్సులు పోగొట్టుకున్న వాళ్లు ఈ దేశంలో ఉన్నారు.

మిగిలింది 27 గంటలు. రోస్టరింగ్ విభాగానికి ఒక మెయిల్ రాయించాం: 'ఏటీపీఎల్ అర్హతకు రాత్రి గంటలు తక్కువ పడుతున్నాయి, బేస్‌కు తిరిగొచ్చే ఆఖరి సెక్టర్లు ఇవ్వగలరా?' నెలకు నాలుగు దొరికితే ఏడు నెలల్లో పూర్తవుతుందని లెక్క వేశాం. అడిగితేగానీ ఇవ్వరు. రోస్టర్ వేసేవాడికి ఎవరి లాగ్‌బుక్‌లో ఏం తక్కువుందో తెలియదు.

అదే సమయంలో శిక్షకుడి హోదా ఉన్న కెప్టెన్లతో ఎగిరేటప్పుడు పర్యవేక్షణలో పీఐసీ గంటలు రాయించుకోవడం మొదలుపెట్టాడు. 200 గంటల సీపీఎల్‌తో (కమర్షియల్ పైలట్ లైసెన్సు) వచ్చినవాడి దగ్గర సొంత పీఐసీ గంటలు వంద పైచిలుకే ఉంటాయి. మిగతావి ఇలా వస్తేనే.

కంపెనీ నాడి ఎలా పట్టుకోవాలి

ఏడు విమానాలు అన్నారు, వాటిలో రెండు విమానాలు నాలుగు నెలలుగా కదలడం లేదు. ఒకదాని భాగాలు తీసి ఇంకోదానికి వేస్తున్నారని ఇంజినీరింగ్ వాళ్ల మాట. ఏటీఆర్‌కు వేరే ఏపీయూ (నేలమీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న ఇంజిన్) ఉండదు. కుడి ఇంజిన్‌కు ప్రొపెల్లర్ బ్రేక్ వేసి, ఇంజిన్ మాత్రం తిప్పుతూ నేలమీద కరెంటు, గాలి తీసుకుంటారు, దాన్ని హోటల్ మోడ్ అంటారు. ఆ బ్రేక్ పనిచేయని విమానం చిన్న ఊళ్లో గ్రౌండ్ పవర్ యూనిట్ కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. ఒక విమానానికి ఇది నాలుగు వారాలుగా 'వాయిదా' పట్టికలోనే ఉంది. వాయిదా వేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, భద్రత సమస్య కూడా కాదు. కానీ పార్టు రావడం లేదంటే సప్లయర్‌కు డబ్బు వెళ్లడం లేదేమోనని అనుమానించాలి. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి కంపెనీ బ్యాలెన్స్ షీటు కంటే ఈ పట్టిక ముందు చెబుతుంది.

రెండోది రూట్లు. 14 రూట్లలో 9 ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం) కింద గెలుచుకున్నవి. 2016లో ఆ పథకం వచ్చినప్పుడు విమానయాన మంత్రి విజయనగరం వారు, ఇప్పుడున్న మంత్రి శ్రీకాకుళం వారు, అయినా లెక్క మారదు: ఉడాన్ రూటుకు సర్కారు ఇచ్చే లోటు భర్తీ సొమ్ము మూడేళ్లే. మూడేళ్ల తర్వాత టికెట్ డబ్బుతోనే రూటు నిలబడాలి. ఈ కంపెనీ తొమ్మిదింటిలో ఐదింటికి గడువు 11 నెలల్లో తీరిపోతోంది. పైగా చిన్న ఊళ్ల ప్రయాణికుడికి ఇప్పుడు వేరే దారులున్నాయి. 2023లో విజయవాడ మీదుగా ఒక వందేభారత్, గుంటూరు మీదుగా ఇంకోటి వచ్చాయి. హైదరాబాద్ రోడ్డు మీద ఐదు గంటలు. 70 సీట్ల విమానంలో పది సీట్లు ఖాళీగా పోతే లాభం పోయినట్టే.

మూడోది, పైలట్ తన ఫోన్‌లోనే చూసుకోగలిగింది. ప్రతి నెలా ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో పీఎఫ్ పడిందా, మూడు నెలలకోసారి 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పన్ను పట్టిక) టీడీఎస్ కనిపిస్తోందా? జీతంలో కోసి ప్రభుత్వానికి కట్టకపోవడం కంపెనీ ఊపిరి ఆడటం లేదనడానికి మొదటి గుర్తు. జీతం ఆలస్యమయ్యేది ఆ తర్వాతే. సిమ్యులేటర్ స్లాట్ వాయిదాలు, లేఓవర్ హోటల్ మారడం, ఇంధనం నగదు ఇస్తేనే పోయడం, ఇవన్నీ ఆ వెనకే వస్తాయి.

2025లో వచ్చిన విమాన వస్తువుల హక్కుల చట్టంతో లీజు ఇచ్చినవాళ్లు బాకీ పడ్డ విమానాన్ని వెనక్కి తీసుకోవడం సులువైంది. గో ఫస్ట్ 2023 మేలో ఆగినప్పుడు ఆ విమానాల కోసం లీజుదార్లు కోర్టుల్లో ఏడాదికి దగ్గరగా తిరిగారు. ఇకమీదట అంత కాలం పట్టదు. లీజుదార్లకు మంచిదే. పైలట్ మాత్రం ఆగిన కంపెనీ మళ్లీ లేస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవడానికి లేదు.

ఈ మూడూ చూశాక ఈ కంపెనీకి మేం పచ్చ జెండా ఊపలేదు, ఎర్ర జెండా కూడా కాదు. రెండు నెలలు పీఎఫ్ పడకపోతే నోటీసు ఇవ్వాలని ముందే రాసిపెట్టుకున్నాం. ఆ రోజు వచ్చినప్పుడు కూర్చుని ఆలోచించేంత తీరిక ఉండదు.

కంపెనీ బాగున్నప్పుడే చేసుకోవాల్సిన ఇంకో పని ఉంది. ధ్రువీకరించిన గంటల పట్టిక, ప్రతి ప్రొఫిషియెన్సీ చెక్ ఫారం, లైన్ చెక్, శిక్షణ ఫైలు, జీతం చీటీలు అన్నీ ఆరు నెలలకోసారి కాపీ తీసి ఇంట్లో పెట్టుకోవాలి. తలుపులు మూసుకున్నాక లాగ్‌బుక్ మీద సంతకం పెట్టే మనిషి ఉండడు. దివాలా ప్రక్రియలో బాకీ జీతం కోసం ఫారం 'డి' వేయాలన్నా జీతం చీటీలు, నియామక పత్రం కావాలి.

నోటీసు, బాండ్, చెక్కులు

డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు (కెప్టెన్‌కు) ఏడాది నోటీసు. ఇతర ఉద్యోగాల్లోలా 'వచ్చే నెల చేరతాను' అనడం ఈ వృత్తిలో కుదరదు. 60 రోజుల్లో చేరమనే ఆఫర్‌ను నమ్మి నోటీసు ఎగ్గొట్టినవాడికి పాత కంపెనీ ఎన్‌ఓసీ ఇవ్వదు, అది లేకపోతే కొత్త కంపెనీ విమానం ఎక్కనివ్వదు. ముందుగా వదిలిపెట్టాలంటే కంపెనీయే ఒప్పుకోవాలి. ఇంకో మాట: కమాండ్ వచ్చిన మర్నాటి నుంచి నోటీసు రెట్టింపవుతుంది. కంపెనీ మారే ఆలోచన ఉంటే అది కమాండ్‌కు ముందా, తర్వాతా అన్నది ముందే తేల్చుకోవాలి.

బాండ్ విషయంలో ఈ కుర్రాడికి జరిగింది కొంచెం అన్యాయమే. టైప్ రేటింగ్ డబ్బు తనే కట్టాడు. మళ్లీ ₹15 లక్షల బాండ్ దేనికి? లైన్ ట్రైనింగ్ ఖర్చు అని రాశారు. శిక్షణ బాండ్లు చెల్లవన్నది ఒట్టి పుకారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో సముచితమైన బాండ్‌ను సమర్థించింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం వసూలయ్యేది సబబైన నష్టపరిహారమే, రాసిన అంకె మొత్తం కాదు. ఆ వాదన చేయాలంటే కోర్టుకెళ్లాలి, ఈలోపు కెరీర్ ఆగుతుంది. కాబట్టి 14 నెలలు ఓపిక పట్టి బాండ్ తీర్చుకోవడమే చవక. మేం ఎంచుకున్నది అదే.

అసలు దిగులు చేరినరోజు సంతకం పెట్టి ఇచ్చిన మూడు ఖాళీ చెక్కుల గురించి. దాని సంగతి చివర్లో.

పదహారు నెలల్లో జరిగింది

జూన్‌లో మొదలుపెట్టాం. ఏ320 ఏజెంట్‌కు ఇవ్వబోయిన అడ్వాన్సు ఆగింది. బంగారం రుణం నెలలోపే అయింది. ఆరు నెలల తప్పనిసరి ఖర్చుకు ₹6 లక్షలు పక్కన పెట్టాలన్నది లక్ష్యం.

రాత్రి గంటల దగ్గర మా అంచనా తప్పింది. అక్టోబరు చివరి ఆదివారం నుంచి శీతాకాల షెడ్యూలు వచ్చి రెండు సాయంత్రం రూట్లు తీసేశారు. వేసవి షెడ్యూలు చూసి ఏడు నెలలని లెక్కేశాం. షెడ్యూలు ఏడాదికి రెండుసార్లు మారుతుందని తెలిసీ దాన్ని లెక్కలో పెట్టకపోవడం మా పొరపాటు. 27 గంటలకు పది నెలలు పట్టింది. శీతాకాలంలో చీకటి తొందరగా పడటం వల్ల కొన్ని సాయంత్రం సెక్టర్లలో అరగంట చొప్పున కలిసొచ్చింది, లేకపోతే ఇంకా సాగేది.

డిసెంబరు, జనవరి పీఎఫ్ పాస్‌బుక్‌లో పడలేదు. ఫిబ్రవరి జీతం 40 రోజులు ఆలస్యం. అనుకున్నట్టే మార్చిలో నోటీసు ఇచ్చాడు. అప్పటికి పక్కన పెట్టింది ₹3.4 లక్షలే. జీతం ఆలస్యమైనందుకు అందులోంచి ₹1.6 లక్షలు వాడాల్సొచ్చింది. యార్డు అప్పు అలాగే ఉండుంటే ఆ నెలల్లోనే ప్లాటు బేరానికి పెట్టేవాళ్లు. నోటీసు ఇచ్చాక రోస్టర్ పలచబడింది, రెండు నెలలు హామీ గంటలే. ₹1,44,000 లెక్కతో ఇల్లు నడుపుకోవడం అలవాటై ఉంది కాబట్టి కిస్తీ తప్పలేదు.

ఏటీపీఎల్ వైవా మొదటిసారి పోయింది. ప్రశ్నలు ఏటీఆర్ పెర్ఫార్మెన్స్ చార్టుల దగ్గర ఆగాయట. రోజూ ట్యాబ్లెట్‌లో లెక్క చూసుకునేవాడికి కాగితం చార్టు చేత్తో తీయడం అలవాటు తప్పుతుంది. రెండోసారి పాసై జూన్‌లో లైసెన్సు చేతికొచ్చింది. ఆగస్టుతో బాండ్ తీరింది, సెప్టెంబరుతో నోటీసు తీరింది. అక్టోబరులో ఎక్కువ ఏటీఆర్లున్న పెద్ద సంస్థలో చేరాడు, అదే విమానం, అదే కుడి సీటు. కొత్త టైప్ రేటింగ్ ఖర్చు లేదు. గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్, లైన్ చెక్‌ల వరకు పది వారాలు ఫ్లయింగ్ అలవెన్సు లేకుండా గడిచింది.

ఎదుగుదల గురించి వాళ్లకు చెప్పింది కూడా ఇక్కడ రాయాలి. 2025లో రెండు విడతలుగా వచ్చిన కొత్త డ్యూటీ నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 అయింది, రాత్రి ల్యాండింగుల మీద కట్టడి పెరిగింది. అదే ఏడాది డిసెంబరులో దేశంలోకెల్లా పెద్ద ఎయిర్‌లైన్ సర్వీసులు పెద్దయెత్తున రద్దవడానికి సరిపడా పైలట్లు సర్దుబాటు కాకపోవడం ఒక ముఖ్య కారణం. అదే విమానాలు నడపడానికి ఇంతకు ముందుకంటే ఎక్కువమంది కావాలి, ముఖ్యంగా కెప్టెన్లు. ఏటీపీఎల్ ఉన్న ఏటీఆర్ ఫస్ట్ ఆఫీసర్‌కు కమాండ్ వరస ఏ320 కుడి సీటు కంటే తొందరగా రావచ్చు. వచ్చాక కొన్నేళ్లు జెట్‌కు మారడం కష్టం, మారితే మళ్లీ కుడి సీటే కావచ్చు, నోటీసు ఏడాది. జీతం జెట్ కెప్టెన్ కంటే తక్కువే. ఇవన్నీ విని తండ్రి ఒక్కటే అడిగారు: 'లైసెన్సు పోతే?' ఆయన అడిగింది ఆరోగ్యం గురించి. లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇస్తుంది, కంపెనీ మూతపడితే ఒక్క రూపాయి ఇవ్వదు. కవర్ మొత్తం కనీసం మిగిలిన బ్యాంకు అప్పుకు సమానంగా పెంచమన్నాం, పెంచారు.

రిలీవింగ్ లెటర్‌తో పాటు మూడు చెక్కుల్లో రెండు తిరిగొచ్చాయి. మూడోది ఫైల్లో దొరకడం లేదన్నారు. చెక్కు నంబరుతో బ్యాంకులో స్టాప్ పేమెంట్ ఇప్పించాం. అదొక్కటే చాలదు, స్టాప్ చేసిన చెక్కు మీద కూడా 138 సెక్షన్ (చెక్కు బౌన్సు) కేసు వేయొచ్చు. అందుకే బాండ్ పూర్తయిన తేదీ, రిలీవింగ్ లెటర్ నంబరు, చెక్కు నంబరు, కంపెనీకి తానేమీ బాకీ లేనన్న మాట రాసి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపాం. అందినట్టు రుజువు వచ్చింది, చెక్కు ఇంకా రాలేదు. కేసు ఫైలు ఆ చెక్కు కోసం తెరిచే ఉంచాం.